చేతుల భాగపరిష్కారం

చిత్తూరు సబ్‌రిజిస్ట్రారాఫీసు ఎదురుగా
మునికన్నయ్య దస్తావేజుల బంకులో
పదకొండేళ్లుగా నేను కొట్టేది అవే మాటలు:
తూర్పు, ఫలానా వారి మామిడితోట
పడమర, వంక
ఉత్తరం, బండిబాట
దక్షిణం, మనలో రెండవ వారి భాగం.

ఎన్ని ఇళ్లకు నడిమిగోడలు లేపినానో ఈ వేళ్లతో.
నా చేతులు మాత్రం
ఒక్క పలక మీదే భుజాలు ముడుచుకుని
మణికట్లు బయటికి వంచుకుని
ఉమ్మడి కాపురం చేస్తా వచ్చినాయి.
పోయిన ఆడికృత్తికకు ఎడమది తిరగబడింది.
గ్లాసు ఎత్తనంది.

వాటాలకు ముందు కొలతలు.
చెడిపోయిన డ్రాఫ్టు వెనక చేతులు బోర్లించి
పెన్సిలుతో చుట్టూ గీసుకున్నా.
చిటికెనవేలు ఇన్నాళ్లూ
ఎంత దూరం నడిచి పనికి పోయిందో
అప్పుడు కనిపించింది.
దాని వరసను అర అంగుళం కిందికి దించినా.
బొటనవేళ్లకు చెరి మూడు మీటలు.
పాపం, ఇంతకాలం రెండూ కలిసి
ఒక్క స్పేస్‌బారుకు కావలి కాసినాయి.

తోతాపురి అట్టపెట్టె కోసి నమూనా చేస్తే
"ఏందిది, దాయాల పలకా?" అనింది మా అత్త.

మొత్తం ముప్పై ఆరు.
"అక్షరాలే యాభై ఆరు గదా, మిగతావి యాడ?"
మునికన్నయ్య కళ్లజోడు తీసినాడు.
"కింద ఉంటాయి."
"కిందంటే?"
"ఒత్తుల మాదిరి."
ఆయన ఇంకేమీ అడగలేదు.

ళ ఎక్కడ పెట్టాలో మూడు రాత్రులు తేలలేదు.
ఇళ్లు, మళ్లు, నీళ్లు
మా బతుకంతా దాని మీదే.
చివరికి కుడి చూపుడువేలికి రాసిచ్చినా.
నడిమి బ కోసం రెండు చేతులూ తగువు పడితే
ఎడమకిచ్చి, కుడికి సున్నాతో సరిపెట్టినా.

గీసి పంపిన బోర్డులు ఐదు వచ్చినాయి.
ఐదుకు తక్కువ చేయరంట.
గిరింపేటలో చెంగల్రాయులు సెల్‌ఫోన్ల అంగడి
షట్టరు సగం దించినాక
ఓ మూల నాకు స్టూలు వేసినాడు.
"గరిటె మాదిరి కాదు పాపా, పెన్ను మాదిరి పట్టుకో.
ముందు రాగిని కాల్చు, సీసం దానికదే వస్తుంది.
డయోడు మీద నల్లగీత చూసినావా?
అది ఒంటిదారి. తిప్పి పెడితే ఎవురూ పోలేరు."
ఆవగింజంత డయోడు, దాని మీద వెంట్రుకంత గీత.
పొగకు కళ్లు మండి
మొదటి చుక్క బఠాణీ అంత పడింది.
ఇరవయ్యో చుక్కకు మెరుపొచ్చింది.

నాలుగు సాయంత్రాలు అయినాక
రెండు సగాలూ పక్కపక్కన పెట్టి చూస్తే
రెండూ ఎడమచేతులే.

చెంగల్రాయులు నవ్వి నవ్వి టీ ఒలకబోసుకున్నాడు.
"కుడి వాటా ఎవురికి రాసిచ్చేసినావు తల్లీ?"

మిగిలిన మూడు బోర్డుల్లో ఒకటి తిరగేసి పెట్టుకున్నా.
పద్దెనిమిది డయోడ్లు పీకినా, మళ్లీ అతికించినా.
ఒకటి చెప్పుల కింద యాడో పడింది,
ఇప్పటికీ దొరకలేదు.

తీగ తగిలించి ప కొట్టినా. ఏమీ రాలేదు.
పీకి మళ్లీ తగిలించినా.
వ వచ్చింది.
తప్పే, కానీ వచ్చింది గదా,
దానికే చెంగల్రాయులు షట్టరు మీద దరువేసినాడు.

ఈ పొద్దు పాలసముద్రం నుంచి ఇద్దరు అన్నదమ్ములు.
ఒకరి మొగం ఒకరు చూడకుండా
బెంచీకి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు.
ఎడమ సగం ఇక్కడ, కుడి సగం అక్కడ,
నడిమి జాగాలో నా టీ గ్లాసు.
మునికన్నయ్య చెప్తా ఉంటే కొడతా ఉండా:
"మధ్యనున్న మూడడుగుల దారి
ఉభయులకూ ఉమ్మడి."
గ్లాసు వెనకగా
రెండు సగాలను కలుపుతా పోయే నల్లతీగ.
ఒక్క క్షణం చేతులు ఆగినాయి.
"ఏం పాపా?" అన్నాడాయన.
"ఏం లేదు, చెప్పండి."

కాగితం బయటికొచ్చినాక పెద్దాయన వేలు పెట్టి చూపించినాడు.
"ఇరవై సెంట్లు గదమ్మా, రెండొందలు పడిందే?"
కుడి సగంలో సున్నా
ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పలుకుతా ఉండాది.
తమ్ముడు అప్పుడు మొదటిసారి అన్న పక్క చూసి
"ఉండనీలే అన్నా" అని నవ్వినాడు.

రేపు ఆ స్విచ్చి మార్చాల.
చెంగల్రాయులు ఎనిమిది దాకా తెరిచే ఉంటాడు.